పదికి మూడు

ఆగండాగండి, అప్పుడే వెళ్ళిపోకండి! ఆ ఫోన్ ఒక్క పావుగంట పక్కన పెట్టి ఇలా కూర్చోండి. బేస్‌బాల్ తెలీకపోయినా పర్లేదు, లెక్కలంటే భయమున్నా పర్లేదు. నోబుయుకి అనే ఒక మొహమాటస్తుడు ప్రేమలో పడి, మూడేళ్ళపాటు ఆ ముక్క బయటికి చెప్పలేక గింజుకుని, చివరికి ఒక చిన్న లెక్క తప్పి దొరికిపోయిన కథ ఇది. మధ్యలో లేస్తే మీకే నష్టం!

ఎనభైల చివరి రోజులు. ఒసాకాలో దక్షిణం వైపు, రైలు దిగితే ఎదురుగానే స్టేడియం. టీమ్ కూడా ఆ రైల్వే కంపెనీదే. పేరు క్రేన్స్. ఎంత గొప్ప టీమంటే, ఆరు టీముల లీగ్‌లో ఏటా ఆరోది.

అందుకే స్టేడియం ఎప్పుడూ ఖాళీ. కుడివైపు బౌండరీ దగ్గర చెక్క బెంచీల మీద కావాలంటే పడుకుని ఆట చూడొచ్చు. మియోషి తాత నిజంగానే పడుకునేవాడు. వీధి స్నానశాల నడిపి రిటైరైన మనిషి, అరుపు మాత్రం ఇంకా రిటైరవలేదు.

"ఒరేయ్ ఒనోదెరా! నా మోకాళ్ళు నీకంటే స్పీడురా!"

జనం లేరు కదా, ప్రతి తిట్టూ గ్రౌండ్‌లోకి వినపడేది. రైట్ ఫీల్డ్‌లో నిలబడ్డ ఒనోదెరా వెనక్కి తిరిగి, "అయితే నువ్వే రా తాతా! నేనొచ్చి పడుకుంటా!" అని అరిచేవాడు.

అలాంటి బెంచీల మీద, మే నెల ముసురులో మొదలైంది ఇదంతా.

నోబుయుకికి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఒక ప్రెస్సులో రైళ్ళ టైమ్‌టేబుళ్ళు ప్రూఫులు దిద్దే ఉద్యోగం. రోజంతా అంకెలు చూసి, సాయంత్రం స్టేడియానికొచ్చి మళ్ళీ అంకెలే రాసుకునేవాడు. ఒళ్ళో స్కోరు పుస్తకం, చెవి మీద పెన్సిలు. ఆ రోజు తనలో తనే గొణుక్కుంటున్నాడు.

"పదికి రెండున్నర గాడు ఒనోదెరా. వీణ్ణి తీసుకొచ్చి మూడో నంబర్లో దింపుతారేంటో!"

అక్కడ బ్యాటర్ల సగటు పదో వంతుల్లో చెప్తారు. పదిసార్లు బ్యాటు పట్టి మూడు హిట్లు కొడితే పదికి మూడు. అది సాధిస్తే మొనగాడే. మిగతా ఏడుసార్లు ఏం వెలగబెట్టావని ఎవరూ అడగరు.

"ఏమండీ, వాక్‌లు లెక్కేశారా?"

వెనక వరస నుంచి వచ్చింది గొంతు. తిరిగి చూశాడు. ఎర్ర గొడుగు, దాని కింద గుండ్రటి మొహం, ఆ మొహంలో యుద్ధానికి రెడీగా ఉన్న రెండు కళ్ళు.

"వాక్‌లు సగటులోకి రావండీ."

"రాకపోతే? బౌలరు నాలుగు బంతులు బయటికేస్తే బ్యాటరు ఊరికే ఫస్ట్ బేస్‌కి నడిచెళ్ళిపోతాడు. ఆ బంతుల్ని కొట్టకుండా వదలడానికి ఎంత ఓపిక కావాలో తెలుసా? ఒనోదెరా లీగ్ మొత్తం మీద రెండో వాడు!"

"నడవడం కూడా ఒక ఆటేనా?"

"బేస్ మీదికి చేరాడా లేదా? కొట్టి వెళ్తే ఏంటి, నడిచి వెళ్తే ఏంటి?"

"కొట్టడానికే బ్యాటిచ్చారండీ!"

ఆ అమ్మాయి ఆవేశంగా లేచింది. గొడుగు ఒరిగింది. దాని మీది నీళ్ళన్నీ నోబుయుకి స్కోరు పుస్తకంలోకి. మూడు ఇన్నింగ్స్‌ల కాగితం చప్పుడు లేకుండా తడిసి ముద్దయింది.

"అయ్యయ్యో సారీ!" అంటూ రుమాలుతో అద్దింది. మిగిలిన రెండు ఇన్నింగ్స్‌లు కూడా పోయాయి.

మియోషి తాత పడుకునే నవ్వాడు. "చిజురూ, అబ్బాయి ఏడ్చేలా ఉన్నాడు. నీ ఆక్టోపస్ బోండాల్లోంచి ఒక తకోయాకి పెట్టమ్మా."

చిజురు అంటే వెయ్యి కొంగలు. క్రేన్స్ పిచ్చితో వాళ్ళ నాన్న పెట్టుకున్న పేరు. అలాంటి పేరున్న అమ్మాయిని ఆ బెంచీల మీద ఇంటిపేరుతో ఎవరు పిలుస్తారు? అందరికీ చిజురే. ఇంటిపేరు ఎవరూ అడగలేదు. నోబుయుకి కూడా అడగలేదు. అదే వాడి కొంప ముంచబోయింది.

మూడేళ్ళు అలా గడిచిపోయాయి. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. మ్యాచ్ ఉంటే ఇద్దరూ వస్తారు, వస్తావా అని అడిగే పని కూడా లేదు. అతను సగటు అంటాడు, ఆమె వాక్ అంటుంది. వేడి తకోయాకి నోట్లో ఊదుకుంటూనే కొట్టుకుంటారు. వాన పడితే ఒకే గొడుగు. ఆ గొడుగు కింద నోబుయుకి ఎడమ భుజం ఎప్పుడూ తడిసేది, కుడి భుజం మాత్రం చిజురు జుట్టు తగిలి వెచ్చగా ఉండేది. వాన ఆగకూడదని వాడు లోలోపల ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నాడో!

చెప్పాలని చాలాసార్లు అనుకున్నాడు. ప్రతిసారీ లెక్కలేసుకునేవాడు. ఇవాళ మూడుసార్లు నవ్వింది, కానీ రెండుసార్లు తాత జోకులకి. ఇంకాస్త ఖాయమయ్యాక చెబుదాం. సీజన్ అయిపోయేది. మళ్ళీ ఏప్రిల్ ఉందిగా!

మూడో ఏడాది సెప్టెంబర్లో పేపర్లో పడింది. క్రేన్స్‌ని అమ్మేశారు. టీమ్ ఎక్కడో దూరాన ఉన్న క్యూషూ దీవికి వెళ్ళిపోతోంది. స్టేడియం కూల్చేస్తారు.

నోబుయుకి ఆ వార్త ప్రెస్సులో నిలబడి నాలుగుసార్లు చదివాడు. అప్పుడు వెలిగింది. చిజురు కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుందని తెలుసు. ఏ షాపో తెలీదు. ఇల్లెక్కడో తెలీదు. ఇంటిపేరే తెలీనప్పుడు ఫోన్ డైరెక్టరీలో ఏమని వెతుకుతాడు? ఈ చెక్క బెంచీ తప్ప వాళ్ళిద్దరికీ కలుసుకునే చోటే లేదు. ఇక ఏప్రిల్ రాదు.

అక్టోబర్, శనివారం. ఆఖరి మ్యాచ్.

ఏడాదంతా మొహం చూపించని జనం ఆ రోజు కెమెరాలు మెళ్ళో వేసుకుని దిగారు. వీళ్ళ బెంచీ మీద కూడా ఎవరెవరో కూర్చున్నారు. మియోషి తాతకి జీవితంలో మొదటిసారి కూర్చుని ఆట చూడాల్సి వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చార్రా మీరంతా!" అని నాలుగువైపులా తిట్టి, పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆ ఇరుకులో నోబుయుకి, చిజురు భుజానికి భుజం ఆనించి కూర్చున్నారు. వాన లేదు, గొడుగు లేదు, అయినా!

"నోబూ, ఒనోదెరా లెక్క ఎక్కడుంది?"

"మూడొందల ఎనభై తొమ్మిదికి నూటపదహారు హిట్లు. ఇవాళ మొదటిసారే కొడితే మూడొందల తొంభైకి నూటపదిహేడు. సరిగ్గా పదికి మూడు."

ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాయి ఒనోదెరాకి. ఒక్క సీజన్లో కూడా పదికి మూడు అందుకోలేదు. ఈ మ్యాచ్‌తో ఆట మానేస్తున్నాడు.

మొదటి ఇన్నింగ్స్‌లో రెండో బంతికే కొట్టాడు. బంతి ఫీల్డర్ల మధ్యలోంచి దూసుకుపోయింది. స్టేడియం ఊగిపోయింది. నోబుయుకి పెన్సిలు మొన విరిగింది.

"చాల్రా నాయనా!" తాత నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు. "ఇక లోపలికెళ్ళి కూర్చో!"

అదక్కడ మామూలే. ఆఖరి రోజు పదికి మూడు చేతికొచ్చిందంటే బ్యాటరు బెంచీ మీద కూర్చుంటాడు. మళ్ళీ ఆడి ఔటైతే సగటు పడిపోతుందిగా!

"ఎందుకు కూర్చోవాలి?" చిజురు చర్రుమంది.

"ఇంకొక్కసారి ఔటైతే వెయ్యికి మూడొందలు కాస్తా రెండొందల తొంభై తొమ్మిదే," అన్నాడు నోబుయుకి. "పదేళ్ళ తర్వాత పుస్తకంలో ఆ అంకే ఉంటుంది. అందరూ చేసేదే కదా."

"అందరూ చేస్తే? చేతిలో ఉన్నది పోతుందేమోనని బెంచీకి అతుక్కుపోయేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట."

"ఒనోదెరాని ఎందుకలా అంటావు?"

"ఒనోదెరానెవరన్నారు?" అంది చిజురు గ్రౌండ్ వైపు చూస్తూనే.

నోబుయుకికి చెవులు వేడెక్కాయి. తాత ఎందుకో గట్టిగా దగ్గాడు.

ఒనోదెరా కూర్చోలేదు. నాలుగో ఇన్నింగ్స్‌లో మళ్ళీ వచ్చి, నాలుగు బయటి బంతులు ఓపిగ్గా వదిలి నడిచెళ్ళాడు. "చూశావా! వాక్!" అని చిజురు నోబుయుకి వీపు మీద ఒక్కటేసింది. వాక్ లెక్కలోకి రాదు, సగటు అలాగే ఉంది. వీపు మాత్రం చాలాసేపు చురుక్కుమంది. హాయిగా.

ఏడో ఇన్నింగ్స్. క్రేన్స్ రెండు పరుగులు వెనకబడి ఉంది. థర్డ్ బేస్ మీద రన్నరు. ఇంకో రెండు ఇన్నింగ్స్‌లే ఉన్నాయి, నోబుయుకి లోపల ఒకటే లెక్క. ఇప్పుడు అడగాలా? అడిగితే? కాదంటే? అప్పుడే ఒనోదెరా బంతిని ఆకాశంలోకి లేపాడు. దూరంగా, చాలా దూరంగా. ఫీల్డరు వెనక్కి వెనక్కి వెళ్ళి పట్టేశాడు. ఔట్. ఈలోగా రన్నరు ఇంటికి, అంటే బ్యాటరు నిలబడే హోమ్ బేస్‌కి, చేరి పరుగు తెచ్చాడు.

"అయ్యో పోయింది!" నోబుయుకి గబగబా రాశాడు. "మూడొందల తొంభై ఒకటికి నూటపదిహేడు. రెండొందల తొంభై తొమ్మిది."

చిజురు మెల్లగా తల తిప్పింది. పుస్తకం చూసింది. వాడి మొహం చూసింది.

"నోబూ. ఇప్పుడు జరిగింది ఏంటి?"

"ఔట్."

"రన్నరు ఇంటికొచ్చాడా?"

"వచ్చాడు."

"అయితే అది సాక్రిఫైస్ ఫ్లై రా బాబూ! తను ఔటై ఇంకొకణ్ణి ఇంటికి చేర్చిన బంతి సగటులోకి రాదు. మనం కలిసిన మొదటి ఏడాది నలభై నిమిషాలు క్లాసు పీకి మరీ నేర్పింది నువ్వే కదా! చిన్నపిల్లలు కూడా చెయ్యని తప్పు. అసలు నీ బుర్ర ఎక్కడుంది?"

"నీ దగ్గర."

ఆలోచించి అన్నది కాదు. లెక్కేసి అసలే కాదు. నోట్లోంచి జారిపోయింది.

తాత చేతిలో తకోయాకి నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

ఇక ఆపడానికి ఏముంది? "పొద్దుట్నుంచీ కాదు, మూడేళ్ళుగా నీ దగ్గరే ఉంది. రేపట్నుంచి నువ్వెక్కడుంటావో నాకు తెలీదు. నీ ఇంటిపేరు కూడా తెలీదు. నాకు క్రేన్స్ పోయినా పర్లేదు. కాదు, పర్లేదు కాదు, బాధే. కానీ నువ్వు పోతే..."

చిజురు చెంపలు ఆమె గొడుగు రంగులోకి మారాయి. కానీ గొంతు మాత్రం టీచరమ్మ గొంతే. "ముందు రబ్బరు తీసి ఆ తప్పు దిద్దు."

"మరి జవాబు?"

"మూడేళ్ళు నేనాగాను. రెండు ఇన్నింగ్స్‌లు నువ్వు ఆగలేవా?"

ఆ రెండు ఇన్నింగ్స్‌లు వాడెలా బతికాడో దేవుడికే తెలియాలి.

తొమ్మిదో ఇన్నింగ్స్. ఒక్క పరుగు వెనక. ఇద్దరు ఔట్, మూడో వాడు కూడా ఔటైతే ఆట ముగిసినట్టే. వంతు ఒనోదెరాది. కోచ్ బయటికొచ్చాడు. బదులుగా ఆడటానికి ఒక కుర్ర ప్లేయరు బ్యాటు పట్టుకుని లేచాడు. కూర్చో అని సగం స్టేడియం, ఆడు అని సగం స్టేడియం. చిజురు అరవలేదు. పెదవి కొరుక్కుంటోంది.

ఒనోదెరా కోచ్‌కి వంగి దణ్ణం పెట్టి, ఆ కుర్రాడి భుజం తట్టి, తనే నడిచొచ్చాడు.

మూడో బంతి. నేల మీద దొర్లిపోయే దెబ్బ. షార్ట్‌స్టాప్‌లో ఉన్న ఫీల్డరు అందుకుని ఫస్ట్ బేస్‌కి విసిరాడు. ముప్పై ఎనిమిదేళ్ళ ఒనోదెరా ఫస్ట్ బేస్ మీదికి తలముందుగా దూకాడు. దుమ్ము లేచింది.

ఔట్.

క్రేన్స్ కథ అక్కడితో అయిపోయింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. మట్టిలో బోర్లా పడ్డ ఒనోదెరా తలెత్తి, ఒళ్ళంతా దుమ్ముతో, నవ్వుతున్నాడు. మియోషి తాత మాత్రం తిట్టలేకపోయాడు. కండువాలో మొహం దాచుకున్నాడు.

నోబుయుకి రెండొందల తొంభై తొమ్మిది అని రాశాడు. ఈసారి తప్పు లేదు. కళ్ళనిండా నీళ్ళు.

చిజురు వాడి చేతిలోంచి పెన్సిలు లాక్కుంది. ఆ అంకె పక్కనే, మార్జిన్లో, ఇంటిపేరు రాసింది. ఇల్లు రాసింది. ఫోన్ నంబర్ రాసింది.

"రేపు ఆదివారం, నాన్న ఇంట్లోనే ఉంటాడు. వచ్చి ఆయన్నే అడుగు. గుమ్మంలోనే ఒనోదెరా సగటు ఎంతని పరీక్ష పెడతాడు. పదికి మూడు అన్నావో, తలుపేసేస్తాడు."

"నువ్వు మాత్రం తెరుస్తావా?"

"తెరవకపోతే ఇదంతా ఎందుకు రాశాను, మొద్దూ!"

ఇప్పుడు ఆ స్టేడియం లేదు. ఆ చెక్క బెంచీలూ లేవు. కానీ వాళ్ళింట్లో అన్నాల దగ్గర ఆ గొడవ మాత్రం ఇంకా తెగలేదు. ఒనోదెరా ఆ రోజు కూర్చోవాల్సిందే, పదికి మూడు దక్కేది, అంటాడు జుట్టు నెరిసిన నోబుయుకి ఇప్పటికీ. చిజురు గరిట పట్టుకుని, "అవునా? మరి ఆ రోజు నువ్వు కూడా నోరు మూసుకుని కూర్చోవాల్సింది!" అంటుంది. వాడు తల వంచుకుని సూప్ తాగేస్తాడు. ఐదు నిమిషాలాగి మళ్ళీ మొదలెడతాడు.

నేనైతే ఎటూ తేల్చుకోలేకపోతున్నా. మీరు చెప్పండి, అంత కష్టపడి సంపాదించిన పదికి మూడు చేతిలో పెట్టుకుని, ఆఖరి ఇన్నింగ్స్‌లో మీ వంతొస్తే, మీరైతే ఏం చేసేవాళ్ళు?