న్యాయమైన భయం

మృత్యుంజయరావుకి తీసిన వస్తువు తీసినచోట పెట్టే అలవాటు లేదు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో సువర్చల ఆయన కళ్ళజోడును బియ్యం డబ్బాలోనూ, స్కూటర్ తాళాన్ని దేవుడి మందిరంలోనూ వెతికి పట్టుకుంది. ఈ ఉదయం ఆయన రక్షిక ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దొరికింది.

“బ్యాటరీ వేడెక్కుతోందే. కాస్త చల్లబడుతుందని పెట్టాను,” అన్నాడాయన, తనేదో కనిపెట్టినట్టు.

“తుపాకీ చల్లబడి ఎవర్ని ఉద్ధరిస్తుంది? నడుముకి కట్టుకోండి. ఉత్త నడుముతో వెళ్తే వార్డు గేటు దాటనివ్వరు.”

కుచ్చిళ్ళు చెదరకుండా తన రక్షికని తను కట్టుకుని, దాని హెచ్చరికలు వినిపించే చెవిపూస పెట్టుకుని, సువర్చల ఆఫీసుకి బయల్దేరింది.

కాకినాడ నాలుగో వార్డు భయ నిర్ధారణ కేంద్రంలో ఆమె నిర్ధారకురాలు. ఎవరైనా రక్షిక పేలిస్తే, ఆ క్షణంలో వాళ్ళ భయం నిజమైనదా కాదా తేల్చడం ఆమె పని. పట్టుకున్నవాళ్ళ నాడిని రక్షిక చదువుతుంది. భయాంకం అరవై దాటితేగానీ దాన్ని పేలకుండా ఆపే గొళ్ళెం విడదు. అందుచేత ఆమె బల్ల మీదకొచ్చే భయాలన్నీ నిజమైనవే. ఆరేళ్ళలో ఒక్క కేసు కూడా తిప్పి పంపలేదు. ఊరికే ముద్రలు గుద్ది జీతం తీసుకునే ఉద్యోగమని ఆడపడుచు ఎత్తిపొడుస్తూంటుంది.

ఆ ఎత్తిపొడుపుని సువర్చల పట్టించుకోదు. రక్షికలు రాకముందు ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు వంటింటి తలుపు పగలగొడుతుంటే, ఆమె సామాన్ల గదిలో మినప్పప్పు బస్తా వెనక అప్పడాల కర్ర పట్టుకుని నలభై నిమిషాలు కూర్చుంది. పోలీసులు వచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు, ఆమె మాత్రం కర్ర కింద పెట్టలేదు. ఇంటింటికీ ఆయుధం ఉండాలా వద్దా అని ఊరు రెండుగా చీలినప్పుడు ఆమె ఉండాలనే అంది. ఇప్పటికీ అదే అంటుంది.

ఆ రోజు మొదటి కేసు భ్రమరాంబ. రిటైరైన హిందీ టీచరు, అరవై నాలుగేళ్ళు. ఒళ్ళో చేతిసంచీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కింది వాటాలో ఉండే నాగరత్నం, కూతురి పెళ్ళికి పసుపు దంచడానికి రమ్మని పిలవడానికి మెట్లెక్కి వచ్చింది. తలుపు తీయగానే బొట్టు పెట్టబోయింది. భ్రమరాంబ పేల్చింది. రెండో నిమిషానికి నాగరత్నం గుమ్మంలోనే పోయింది.

“చెవిపూస ఏమని చెప్పిందండీ?” అని అడిగింది సువర్చల.

“‘చెయ్యి ముఖం మీదకి వస్తోంది’ అందమ్మా. మూడుసార్లు అంది. ఆ మాట చెవిన పడ్డాక నాకు చెయ్యొక్కటే కనబడింది. వేలికి కుంకుమ ఉందని తర్వాత చూశాను.”

“మీ భయాంకం ఎనభై నాలుగు. చట్టప్రకారం మీ తప్పేం లేదు. ఇక్కడ వేలిముద్ర వేసి వెళ్ళిపోవచ్చు.”

“నాకొద్దు.”

“వద్దనడానికి ఇందులో గడి లేదండీ.”

“నాగరత్నం కూతురు పొద్దస్తమానం మెట్ల మీదే కూర్చుంటోందమ్మా. నన్ను చూస్తుంది, ఏమీ అనదు. తప్పు నీదేనని ఎవరైనా అంటే, వెళ్ళి ఆ పిల్ల కాళ్ళమీద పడతాను. తప్పే లేదంటే ఏ మొహంతో పడమంటావు?”

సువర్చల తెర వైపు తిరిగింది. ఆమె వేసే ప్రతి ముద్రా, దేన్ని చూసి హెచ్చరించాలో వార్డులోని రక్షికలన్నిటికీ నేర్పే ఒక పాఠమవుతుంది. ‘చెయ్యి ముఖం మీదకి’ అన్న హెచ్చరిక ఏ పాఠం నుంచి వచ్చిందో చూడాలనిపించింది. అలా చూసే అవసరం ఇంతవరకు రాలేదు.

కేసు రెండువందల పన్నెండు. పోయిన వేసవి. గ్యాస్ బండ మోసుకొచ్చిన వీరబాబు గుమ్మం ముందు చెయ్యెత్తాడు, ఇంటాయన పేల్చాడు. వీరబాబు కుడిచెయ్యి ఇక లేవదు. ‘ముఖం వైపు లేచిన చెయ్యి. భయం న్యాయమైనది.’ ముద్ర: సువర్చల.

రక్షిక చిత్రించిన ఆ దృశ్యం ఆమెకి బాగా గుర్తుంది. చెమట తుడుచుకోవడానికి ఆ చెయ్యి వీరబాబు సొంత నుదుటి వైపే వెళ్తోంది. అది ఆమె ఆ రోజే చూసింది. చూస్తుండగా మినప్పప్పు వాసన ముక్కుకి తగిలినట్టయింది. పేల్చినవాడి పక్షాన ముద్ర వేసేసింది.

ఆమె వేలు ‘ఉపసంహరణ’ మీదకి వెళ్ళడం చూసి కేంద్రాధికారి పరాంకుశం తన కుర్చీలోంచి లేచి వచ్చాడు.

“ఆగండాగండి. ఆ పాఠం తీసేస్తే తొమ్మిదివేల రక్షికలు మూగబోతాయి. మళ్ళీ చదువుకోడానికి పదకొండు రోజులు. అంతవరకూ దొంగలకి సెలవులిస్తారా?”

“ఈవిడ చెప్పేది నిజం కదండీ.”

“నిజం మన శాఖ కాదు సువర్చలగారూ. మనది భయం.”

పదకొండు రోజులు. తలుపు వేసుకుని ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు ఈ వార్డులో ఎంతమందో ఆమెకి తెలుసు. వేలు నొక్కింది. ఆమె నడుము దగ్గర గొళ్ళెం పడ్డ చప్పుడైంది. తర్వాత పరాంకుశం నడుము దగ్గర, తర్వాత వరండా పొడుగునా, బయట వీధిలో కూడా. ఎవరో “ఏవైంది, ఏవైంది” అంటూ పరిగెత్తారు.

“కారణం పైకి చెప్పండి,” అంది యంత్రం.

పరాంకుశం ఆమె చెవి దగ్గరకి వంగాడు. “సాంకేతిక లోపం అనండి. సాయంత్రానికల్లా పాఠం మళ్ళీ పెట్టేస్తారు, మీ ఉద్యోగమూ ఉంటుంది. మనిషి పొరపాటంటే పాఠం శాశ్వతంగా పోతుంది. మీరు ముద్ర వేసిన కేసులన్నీ తిరగదోడతారు. ఆలోచించుకోండి.”

“ఏమిటమ్మా ఆ చప్పుళ్ళు?” అంది భ్రమరాంబ బెదురుగా.

సువర్చల చెవిపూస తీసి బల్లమీద పెట్టింది. యంత్రం వైపు కాక, ఆవిడ వైపు తిరిగి, యంత్రానికీ వినబడేలా అంది.

“గ్యాస్ మోసే మనిషి చెమట తుడుచుకుంటున్నాడని నాకు ఆ రోజే తెలుసండీ. తెలిసే ముద్ర వేశాను. మీ చెవిలో ఆ మాట పలికించింది నేనే. తప్పు చేశాను.”