మూడో పిలుపుకి పలికేది

ఆ గదిలో ఆరో నంబరు కుర్చీకి మంచి పేరు లేదు.

అంబులెన్సులు పంపే ఆఫీసు అది. వరసగా ఎనిమిది కుర్చీలు, ఎనిమిది తెరలు. స్తంభం చాటున ఉన్న ఆరోదాంట్లో రాత్రిపూట ఎవరూ కూర్చోరు. ఖాళీగా వదిలేసి వెళ్తారు... తెల్లారి చూస్తే తెర మీద ఒక అడ్రసు ఉంటుంది. రోజూ అదే అడ్రసు. ఆ ఇంటాయన పోయి రెండేళ్ళయింది.

నేను చూసింది కాదు, మా పిన్ని కూతురు చెప్పగా విన్నది. మా ఇంట్లో దాన్ని నిదానం అంటాం. పుట్టడమే రెండు వారాలు ఆలస్యంగా పుట్టింది, ఆ తరవాతా తొందరపడింది లేదు. అలాంటిది చేరి చేరి ఏ పనిలో చేరిందంటే — కంప్యూటర్లు ఆలస్యం చేస్తే ఎందుకు చేశాయో కనిపెట్టే పనిలో. పైవాడికీ కాస్త వేళాకోళం ఉంది.

జనం ఫోను నంబర్లు, వాళ్ళ అడ్రసులు ఉండే పెద్ద డేటాబేసు ఇదివరకు ఆ ఆఫీసు వెనక గదిలోనే ఉండేదిట. తరవాత క్లౌడుకి మార్చారు. పేరుకి మబ్బు, నిజానికి ఎవరిదో అద్దె కొంప. ఫోను రాగానే నంబరు కొడితే అడ్రసు రావాలి. ఎలా పలుకుతుందో, ఎంతలో పలుకుతుందో అద్దెకిచ్చినవాళ్ళు కాగితం మీద రాసిచ్చారు. ఆ హామీ చాలునని, పరీక్షించడానికి పిలిపించిన నిదానం సంతకం పెడితే, తెల్లారగానే ఇంకో మూడేళ్ళకి ఒప్పందం. చేతిలో ఉన్నది ఆ ఒక్క రాత్రే. పనిలో పనిగా ఆ కుర్చీ సంగతేదో కూడా తేల్చెయ్యమన్నాడు సూపర్‌వైజరు, రాత్రి డ్యూటీ అంటే సగం మంది సెలవు చీటీలు ఇస్తున్నారని.

అప్పటికి మూడు రాత్రుళ్ళుగా నిద్ర లేదు దానికి. కళ్ళల్లో ఇసక పోసినట్టుంది. సంతకం గీకేసి పోయి పడుకుందామనే అనిపించిందట. కానీ ఎవరు ఎప్పుడు ఏం అడిగారో నమోదయ్యే లాగ్ ఒకటి ఉంటుంది కదా — అందులో ప్రతి రాత్రీ రెండు దాటాక, ఒక్కో రాత్రి రెండు మూడు మాట్లు, ఆరో కుర్చీ నుంచి, ఒకటే నంబరు.

మొదటిసారి అడిగితే జవాబు లేదు. ఇరవై సెకన్లు.

రెండోసారి... లేదు. ఇంకో ఇరవై.

మూడోసారికి అడ్రసు.

అద్దెకిచ్చినవాళ్ళని అడిగితే, మూడు పిలుపులకీ పలక్కపోతేనే తప్పు, కాగితం సరిగ్గా చదువుకోండని జవాబిచ్చారు. వాళ్ళ లెక్కలో అంతా పచ్చగానే ఉంది.

రాత్రి ఫోన్లెత్తే కుర్రాడొకడున్నాడు. గొంతు పెద్దదని అందరూ మైకు అంటారు. వాడికి చూపిస్తే నవ్వాడు. "దెయ్యాలు రెండుసార్లే పిలుస్తాయంటారు కదా మేడం, మూడోసారికి గానీ పలక్కూడదని. మన డేటాబేసు పెద్దల మాట వింటోంది." అని, తన కుర్చీని అటు నుంచి ఇంకో జానెడు దూరం జరుపుకున్నాడు.

నిదానం స్తంభానికి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. ఒంటి గంట తరవాత ఫోన్లు రాలేదు. మనుషులు కూర్చోని వైపు దీపాలు ఆర్పేసి ఉన్నాయి. మైకు చెవులకి తగిలించుకున్నవి అలాగే ఉంచి కునుకు తీస్తున్నాడు. ఏసీ చప్పుడొక్కటే...

టక్.

ఆరో కుర్చీ దగ్గర.

నిదానం కాళ్ళు దగ్గరికి లాక్కుంది. దేవుడి పేరు తలుచుకోబోయి సెకన్లు లెక్కపెట్టింది. ఇరవై సెకన్లు —

టక్.

తల కాస్త పక్కకి వంచింది. తెర వెలుగులో నాలుగు వేళ్ళు కనిపించాయి. తడి వేళ్ళు. చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

మూడో టక్‌కి నిదానం లేచి నిలబడింది.

గది తుడిచే అక్క. భుజం మీద తడిగుడ్డ.

"పన్లోంచి తీయించకండమ్మా," అంది ఆవిడ, గుసగుసగా.

ఆ అడ్రసు ఆవిడ ఇంటిదే. రెండేళ్ళ కిందట ఆయన గుండె పట్టుకుని కూలబడితే ఫోను చేసింది ఇక్కడికే. కంగారులో వీధి పేరు నోటికి రాలేదు. ఇటువైపు మాటలు మాత్రం అన్నీ వినబడుతున్నాయి — పలకట్లేదు... మళ్ళీ పలకట్లేదు... మూడోసారికి వచ్చింది. బండీ వచ్చింది. వాళ్ళు గేటు తీస్తుండగా ఆయన పోయాడు. ఆ నెలలోనే ఆవిడ ఈ ఆఫీసులో పనికి కుదిరింది.

"గంటసేపు ఫోన్లు లేకపోతే అది పడుకుంటుందమ్మా, తుడుస్తూ చూశాను. లేపడానికి రెండు పిలుపులు పడతాయి. ఆ రెండూ నేను పిలిచేస్తే... వచ్చేవాళ్ళది మూడోదవుతుంది. లేచిందో లేదో చూసుకోడానికి ఇంకోటి కూడా నేనే కొడతాను. నాకు తెలిసిన నంబరు మా ఇంటిదొక్కటే. కొట్టడమే తెలుసు, చెరపడం తెలీదు."

నిదానం తన కంప్యూటరు తెరిచి చూసింది. నిజమే. క్లౌడుకి మార్చిన రోజున అద్దె కలిసొస్తుందని ఎవరో ఒక టిక్కు పెట్టారు — గంటసేపు ఎవరూ అడక్కపోతే పడుకునేట్టు. లేవడానికి పట్టే ఆలస్యం లెక్కలోకి రాదని కాగితంలోనే ఉంది, చిన్నక్షరాల్లో. అబద్ధం ఒక్కటీ లేదు. అక్షరం తప్పకుండా మాట నిలబెట్టుకున్నారు వాళ్ళు. ఈ రెండేళ్ళూ అర్ధరాత్రి వచ్చిన ఫోన్లలో ఒక్కటీ ఆలస్యం కాలేదంటే మాత్రం... అది ఈ తడిచేతి చలవ.

టిక్కు తీసేసింది. సంతకం పెట్టాల్సిన చోట "కాగితం ప్రకారం హామీ నిలబడింది. ఆ హామీ మనకి చాలదు" అని రాసింది. సంతకం పెట్టలేదు.

తరవాత ఇద్దరూ గోడకి ఆనుకుని గంటకి పైగా కూర్చున్నారు, ఏ ఫోనూ రాకూడదని దణ్ణం పెట్టుకుంటూ. రాలేదు.

"ఇప్పుడు కొట్టండక్కా. ఒక్కసారే."

ఆవిడ చేతులు చీరకి తుడుచుకుని ఆ అంకెలన్నీ కొట్టింది. చివరి మీట మీంచి వేలు ఇంకా తియ్యనే లేదు — అడ్రసు వచ్చేసింది. ఇంటి నంబరు, వీధి, ఆయన పేరు.

ఆవిడ తెర మీద ఆయన పేరుకి వేలు ఆనించింది.

"ఇంత తొందరగా వస్తుందా అమ్మా?" అంది.