బీడు మీది ఉప్పురాయి

“మొన్న గుమ్మడికాయంత ఉన్న ఉప్పురాయి ఇయ్యాల నిమ్మకాయంత ఎట్లయింది?”

కొట్టంలోంచి హన్మవ్వ గొంతు వంటింట్లోకి వినిపించింది. ఆదివారం మధ్యాహ్నం. లింగవ్వ పెనం మీద జొన్నరొట్టె తిప్పుతోంది.

“గుమ్మడికాయంత ఎక్కడుండె అత్తా? కొబ్బరికాయంత ఉండె.”

“కొబ్బరికాయంతే అనుకో. మరి గిప్పుడు?”

“నన్నడుగుతవేంది? పశువులు నాకుతయి. అందుకే గద కట్టింది.”

“పశువులు నాకితే సుట్టూ నున్నగ అరుగుతది. గిది సూడు, ఒక్క పక్కకే అరిగింది. కూరల ఉప్పు తక్కువైనప్పుడల్లా నువ్వే చెక్కుతున్నవ్.”

లింగవ్వ పెనం దించేసింది. “పశువుల ఎంగిలి తెచ్చి నేను కూరలెయ్యాల్నా? ఎంగిలి గ్లాసు బిందెల ముంచితే ఊకోని దాన్ని!”

“అయితే గా సీమావే నాకింది. దాని నాలుకేమన్న నాలుకా? మూరెడుంటది.”

సీమావు అంటే కొత్తగా కొన్న జెర్సీ ఆవు. అది వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఏది తక్కువైనా హన్మవ్వ తప్పు దాని మీదే వేసేది.

లింగవ్వ కూతురు గంగమణి తల వంచుకుని రొట్టె తింటోంది. అమ్మ వైపు చూడలేదు, బాపమ్మ హన్మవ్వ ఉన్న కొట్టం వైపూ చూడలేదు. ఉప్పురాయి ఒక పక్కకే ఎందుకు అరుగుతుందో ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

వాళ్ల ఇల్లు బోధన్‌కు దూరంగా, చెరుకు తోటల మధ్య ఒంటరిగా ఉండేది. ఎటు చూసినా చెరుకే. చెరుకు మనిషి కంటే ఎత్తు పెరిగాక గడపలో నిలబడితే ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. అంతకుముందు వాళ్లు నిజామాబాద్‌లో ఉండేవాళ్లు. అక్కడ వాకిట్లోకి వచ్చి పిలిస్తే నాలుగిళ్ల పిల్లలు పరుగెత్తుకొచ్చేవారు. ఇక్కడ పిలిస్తే కాకులు లేస్తాయి, అంతే. అన్న చదువు కోసం నిజామాబాద్ హాస్టల్‌లోనే ఉండిపోయాడు. బాపు సాయన్న చెరుకు బండితో ఫ్యాక్టరీకి పోతే ఎప్పుడొస్తాడో చెప్పలేం.

బడిలో అందరికీ పక్కన కూర్చునే జత ముందే ఉంది. గంగమణి చివరి వరుసలో కూర్చునేది. “ఓ పట్నం పిల్లా” అని పిలిచేవారే గాని, ఆటకు రమ్మని ఎవరూ పిలిచేవారు కాదు. ఇంటికొచ్చి అష్టాచెమ్మా ఆడేది. తన గవ్వలూ తనే వేసేది, ఎదుటివాళ్ల గవ్వలూ తనే వేసేది. ఎవరు గెలిచినా సంతోషం ఉండేది కాదు.

ఒక సాయంత్రం తోట చివర ఉన్న బీడులో జింకలు కనిపించాయి. మెలి తిరిగిన కొమ్ములతో ఒక నల్లటి పోతు, దాని వెనక గోధుమరంగు ఆడజింకలు. గంగమణి కదలగానే అన్నీ గాలిలోకి ఎగిరి మాయమయ్యాయి.

“పశువుకు ఉప్పంటే పానం. ఎంత దూరం నుంచైనా వస్తది,” అని బాపమ్మ అనడం ఆమెకు గుర్తొచ్చింది.

పగలు పశువులు మేతకు పోతాయి. జెర్సీని బయట వేపచెట్టు నీడన కడతారు. కొట్టం ఖాళీగా ఉంటుంది. బడి నుంచి రాగానే గంగమణి తాడు విప్పి, ఉప్పురాయిని లంగా ఒడిలో పెట్టుకుని బీడుకు పోయేది. చదునైన బండ మీద రాయిని ఎప్పుడూ ఒకే పక్క పైకి వచ్చేలా పెట్టి, దూరంగా తంగేడు పొద వెనక కూర్చునేది. జింకలు వచ్చి నాకి వెళ్లాక రాయి తెచ్చి మళ్లీ కట్టేసేది.

వాటిలో చెవి చీలిన ఆడజింక ఒకటి ఉంది. మిగతావి మందతో వచ్చేవి. అది మాత్రం ముందుగా, ఒక్కతే వచ్చేది. కొద్దిరోజులకు తంగేడు పొద కదిలినా ఉలిక్కిపడటం మానేసింది. ఒకసారి తలెత్తి గంగమణి వైపు చాలాసేపు చూసింది. ఆ రాత్రి గంగమణి అష్టాచెమ్మా ఆడలేదు. ఆడాలనిపించలేదు.

ఆ ఆదివారం కాసేపటికి గొడవ చల్లబడింది. బాపమ్మ నడుం వాల్చింది. గంగమణి రోజూలాగే ఉప్పురాయి తీసుకెళ్లి బండ మీద పెట్టింది. పొద వెనక కూర్చుందో లేదో, ఇంటి నుంచి కేక వినిపించింది.

“గంగమణీ! ఉరికిరా బిడ్డా! నీళ్లు తేవాలె!”

బాపు గొంతు. రాయిని అక్కడే వదిలి పరుగెత్తింది. మళ్లీ వచ్చి తెచ్చుకోవచ్చనుకుంది.

బాపు నిన్న రాత్రే చెరుకు దించి ఖాళీ బండితో ఇల్లు చేరాడు. పొద్దున్నుంచి ఎద్దులు రెండూ గడ్డి ముట్టలేదు. నోటి నుంచి చొంగ తీగల్లా కారుతోంది. అందుకని వాటిని వాకిట్లో కట్టేసి, బోధన్ పోయి పశువుల డాక్టర్‌ను వెంటబెట్టుకొచ్చాడు. డాక్టర్ రామ్‌దాస్ సైకిల్ వేపచెట్టుకు ఆనించి ఉంది.

డాక్టర్ ఎద్దు నోరు తెరిచి నాలుక చూశాడు. నాలుక మీద బొబ్బలు. కాలెత్తి గిట్ట చూశాడు. చీలిక మధ్యలో పుండు.

“గాలికుంటు. దారిల వేరే ఎద్దులతో నీళ్లు తాగినయా?”

“బండ్లన్నీ బారు కట్టినయి సార్. అన్నీ ఒక్క తొట్లనే తాగినయి.”

“అదే మరి. రోగం చొంగల ఉంటది, ఎంగిలిల ఉంటది. ఇగ తొట్టి వేరే పెట్టాలె, గడ్డి వేరే వెయ్యాలె. ఆ జెర్సీని ఇటు రానియ్యొద్దు. మన ఎద్దులు కొన్నాళ్లు బాధపడ్డా లేస్తయి. అది పైదేశపు జాతి, దానికి తగిలిందంటే తట్టుకోదు.”

గంగమణి నీళ్ల బకెట్ దించి అక్కడే నిలబడిపోయింది.

“రాత్రి ఎద్దులు ఉప్పురాయి నాకినయా?” డాక్టర్ అడిగాడు.

“నాకినయి సార్,” అంది హన్మవ్వ. “రెండూ పోటీపడి నాకినయి.”

“అయితే దాన్ని పాతిపెట్టుండ్రి. ఏది?”

అందరూ కొట్టం వైపు చూశారు. తాడు ఉత్తగా వేలాడుతోంది.

“మల్ల ఏడవోయింది?” అంది లింగవ్వ. “గిప్పుడే గద దాని మీద గంటసేపు కొట్లాడితిమి!”

గంగమణి డాక్టర్ దగ్గరికి వచ్చింది. “సార్, జింకలకు గూడ వస్తదా?”

“గిట్ట రెండుగ చీలిన దేనికైనా వస్తది. మేక, గొర్రె, పంది, జింక. ఎద్దునంటే కట్టేసి మందు పెడ్తం. జింకకు ఎవరు పెడ్తరు బిడ్డా? కాళ్లు కుంటువడ్డ జింక కుక్కల నుంచి ఎంత దూరం ఉరుకుతది?”

మాట పూర్తయ్యేసరికే గంగమణి అక్కడ లేదు.

ఎండ పసుపురంగుకు తిరుగుతోంది. చెరుకాకులు చేతులకు గీసుకుంటున్నా ఆమె ఆగలేదు. బీడు అంచుకు చేరేసరికి చెవి చీలిన జింక బండ దగ్గర ఉంది. మెడ కిందికి వంచుతోంది.

“వద్దు! పో!”

జింక తలెత్తింది. గంగమణిని చూసింది. పారిపోలేదు. రోజూ పొద వెనక కూర్చునే పిల్లే కదా అన్నట్టు నిలబడింది.

గంగమణి మట్టిగడ్డ తీసుకుంది. విసిరింది. గడ్డ బండకు తగిలి పగిలింది. ఇంకొకటి విసిరింది. “పో! పో! రాకు!”

జింక ఒక్క ఎగురు ఎగిరింది. ఇంకో ఎగురు. బీడు దాటి కనబడకుండా పోయింది.

దాని నాలుక రాయికి తగిలిందో లేదో గంగమణి చూడలేకపోయింది. బండ పక్కన కూలబడి ఏడ్చింది.

వెనకాలే పార పట్టుకుని బాపు వచ్చాడు. బండను చూశాడు, రాయిని చూశాడు, నేల మీది గిట్టల గుర్తులు చూశాడు. లోతుగా గుంత తవ్వి ఉప్పురాయిని పూడ్చాడు. బండను తలకిందులుగా తిప్పేశాడు.

“ఎన్నాళ్ల సంది తెస్తున్నవ్?”

“దసరా సెలవుల సంది.”

“నాకు చెప్పకపోతివి బిడ్డా.”

“నువ్వు ఇంట్ల ఎప్పుడున్నవ్ బాపూ?”

సాయన్న పార భుజాన వేసుకున్నాడు. రెండో చేత్తో ఆమె చేయి పట్టుకుని నడిచాడు. దారి పొడుగునా వదల్లేదు.

ఆ రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నారు. హన్మవ్వే ముందు అంది.

“రాయి ఒక్క పక్కకే అరిగిందని నేను చెప్పలేదా?”

“నేనే చెక్కిన్నని గూడ చెప్పినవ్ అత్తా,” అంది లింగవ్వ, ఆమె పళ్లెంలో ఇంకో రొట్టె వేస్తూ. “సీమావు నాకిందని గూడ చెప్పినవ్.”

“దానికి నేనే నీళ్లు పెట్టొచ్చిన తియ్యి. వేరే బకెట్‌తోనే. పాపం, అది ఒక్కతే అవుతల ఉంది.”

సాయన్న గొంతు సవరించుకున్నాడు. “జింకలు రేపు గూడ వస్తయి. అలవాటు అయింది గద. మన పశువులు అక్కడనే మేసినయి. ఈ రోగం పోయేదాంక అవి బీడుకు రావొద్దు. పక్క తోట ముత్తన్నకు చెప్పి ఆయన కుక్కల్ని నాలుగు రోజులు అక్కడ ఉంచుదామనుకుంటున్న.”

“కుక్కలొద్దు,” అంది గంగమణి.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేసింది.

“నేనే వెళ్లగొడ్త. బడి నుంచి రాంగనే పాత నూనెడబ్బా తీస్కొని పోత. అవి రాంగనే డబ్బా కొడ్త. రావుడు మానేదాంక రోజూ కొడ్త.”

“అవి ఇగ నీ దగ్గరికి రావు గదనే,” అంది లింగవ్వ మెల్లగా.

“రావొద్దు,” అంది గంగమణి. “చెవి చీలింది ఉరుకుతుంటే దాని కాళ్లు సూస్త, అమ్మా. కుంటకుండ ఉరికితే సాలు.”

హన్మవ్వ లేచి అటక కింద వెతికింది. సొట్టపడిన ఖాళీ డబ్బా తెచ్చి, మనవరాలి పక్కన చప్పుడు కాకుండా పెట్టింది.