బాగుందట, నా సినిమా!

"బాగుంది."

కత్తెర అన్నది అంతే. అనేసి కూర్చున్నాడు.

డైరెక్టరమ్మకు ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! క్లాసులో అందరి షార్ట్ ఫిల్ములనూ ఉతికి ఆరేసే మనిషి అతను. ఎక్కడ కోయాలో మొహం మీదే చెప్పేస్తాడు గనకే కత్తెర అని పేరు పెట్టారు. ఇందాకే ఒకడి సినిమాలో పాట మొత్తం తీసి పారెయ్యమన్నాడు. తన సినిమా దగ్గరికొచ్చేసరికి మాత్రం ముష్టి వేసినట్టు ఒక్క ముక్క!

క్లాసు వదలగానే మెట్ల దగ్గర అడ్డంగా నిలబడింది.

"ఏమిటా బాగుంది?"

"బాగుంటే బాగుందనకూడదా?"

"నీ మొహం! చివర్లో నువ్వు బయట వాన చూస్తూ కూర్చున్నావు. నేను గమనించలేదనుకున్నావా?"

"వాన కూడా బాగుంది."

"జోకులొద్దు. రేపు అమ్మ వస్తోంది చూడ్డానికి. తన మీద తీసిన సినిమా. పదిమందిలో అమ్మ చిన్నబోతే నేను తట్టుకోలేను. నిజం చెప్పి చావు!"

కత్తెర మొహంలో నవ్వు పోయింది.

"పిల్లలందరూ దిగిపోయాక మీ అమ్మ స్కూలు వ్యాను తుడుస్తూ, ఒక సీట్లో కాసేపు కూర్చుంటారు. అక్కడ నేను రెప్ప వేయకుండా చూస్తున్నాను. అంతలో నీ గొంతు మొదలైంది, 'మా అమ్మ త్యాగమూర్తి' అంటూ. ఇంక వినలేకపోయాను."

"అవి నేను ఏడుస్తూ రాసుకున్న మాటలు!"

"అందుకే చెప్పలేదు."

ఆమె విసవిసా ఎడిటింగ్ రూములోకి నడిచింది. వెనకే అతనూ వెళ్ళాడు. మాటలన్నీ తీసేసి వేసి చూశారు. అమ్మ సీట్లో కూర్చుంది. స్కూలు గేటు వైపు చూసింది. లేచి మళ్ళీ తుడవసాగింది. డైరెక్టరమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. కోపమూ ఆగలేదు.

"ఇంత తెలిసీ నోరు మూసుకుంటావా? ఊరందరికీ నిజాలు, నాకొక్కదానికే అబద్ధమా? నేనేం పాపం చేశాను?"

"నువ్వంటే ఇష్టం. చెబితే నాతో మాట్లాడ్డం మానేస్తావని భయమేసింది."

"ఇష్టమున్న వాళ్ళకి అబద్ధాలు చెబుతారా? సిగ్గులేదూ? ఫో!"

మర్నాడు ఆ మాటల్లేని సినిమా అయిపోయి లైట్లు వెలిగినా అమ్మ లేవలేదు. కూతురు పరుగున వెళ్ళి పక్కన కూర్చుంది.

"నచ్చలేదా అమ్మా?"

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నేనలా కూర్చోవడం ఎవరూ చూడలేదనుకున్నానే."

అంతే, డైరెక్టరమ్మ వెనక వరసలో నక్కి కూర్చున్న కత్తెర మీదికి వెళ్ళింది.

"చూశావా? నిన్ను నిలదీయకపోతే ఇదంతా పోయుండేది! ఇకమీదట నేనేం తీసినా మొదట నువ్వే చూడాలి. నిజమే చెప్పాలి. ముసలిదాన్నయ్యేదాకా!"

కత్తెర బిక్కమొహం వేశాడు. "అంటే?"

వెనకే వచ్చిన అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది.

"అంటే జీవితాంతం తోడుండమనే, బాబూ. మా పిల్ల ఇష్టం చెప్పినా తిట్టినట్టే ఉంటుంది."