అతను పెట్టేసిన ఫోను

మార్చి పదకొండు. ఆ రోజు ఆమె మధ్యాహ్న భోజనం రెండు అరటిపళ్లు, ఒక బన్ను. అదీ ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో కంప్యూటర్ మీద ఎర్రబడుతున్న వరసలను చూసుకుంటూ.

ఆమె బ్యాంకులో కార్డుల భద్రత చూసే విభాగంలో పనిచేస్తుంది. ఎవరి కార్డు మీదైనా వాళ్ల అలవాటుకు పొంతన లేని కొనుగోలు కనిపిస్తే, వెంటనే ఫోన్ చేసి అది వాళ్లేనా అని అడగాలి. అక్కడ ఎవరూ సొంత పేరు చెప్పుకోరు. మోసగాళ్లు పగబట్టకుండా తలా ఒక డెస్కు పేరు పెట్టుకుంటారు. ఇంట్లో మాత్రం నాన్న ఆమెను పోలీసమ్మా అని పిలుస్తాడు.

సగం బన్ను నోట్లో ఉండగా ఒక వరస ఎర్రబడింది. కళ్లద్దాల ఫ్రేములు తప్ప ఇంకేమీ ఎరగని కార్డు మీద ఎవరో వరసపెట్టి ఖరీదైన సెల్‌ఫోన్లు కొంటున్నారు. ఆమె గబగబా మింగేసి నంబర్ కలిపింది. ఎత్తినవాడిది కుర్రగొంతు. డెస్కు పేరు, బ్యాంకు పేరు చెప్పి, సెల్‌ఫోన్లు కొంటున్నది మీరేనా అని అడిగింది.

"మీరు బ్యాంకువాళ్లేనని నాకేంటండీ నమ్మకం?"

"అందుకే మిమ్మల్ని ఏ నంబరూ అడగడం లేదు. అవునో కాదో చెప్తే చాలు."

"మొన్న మా పక్క షాపాయన్ని కూడా ఇలాగే తియ్యగా అడిగారు. అకౌంటు ఊడ్చుకుపోయారు."

"నా గొంతు తియ్యగా ఉందంటారా?"

"దొంగల గొంతు తియ్యగానే ఉంటుందండీ," అని టక్కున పెట్టేశాడు.

పక్క సీటు అక్క ముసిముసిగా నవ్వింది. ఆమెకు మాత్రం కోపం రాలేదు. పొద్దున లేచింది మొదలు, అడక్కముందే పుట్టినతేదీతో సహా అప్పజెప్పేవాళ్లే తగులుతారు. ఇన్నాళ్లకు ఒక మనిషి, తాను నాన్నకు నూరిపోసిన పాఠాన్ని ఎవరూ చెప్పకుండానే పాటించాడు. ఆ కార్డును తాత్కాలికంగా ఆపేసి, అతను కార్డు వెనక నంబర్‌కు చేస్తాడేమోనని ఎదురుచూస్తూ కూర్చుంది.

అతను నిజంగానే కార్డు తిరగేసి, వెనక ముద్రించిన నంబర్‌కు చేశాడు. ఆ లైను తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది.

"ఇందాక ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. దొంగో దొరో కాస్త తేల్చండి."

"ఆ దొంగ నేనేనండీ."

అవతల అతను ఏదో సారీ నసిగాడు. మంచి అలవాటు పాడుచేసుకోకండి, రేపు మళ్లీ నేను చేసినా ఇలాగే పెట్టేయండి అని ఆమె అడ్డుపడింది.

ఆ తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు. ఈ మధ్య కార్డు నంబర్ ఎక్కడ ఇచ్చారని ఆమె తవ్వి తవ్వి అడిగితే, అతను చెప్పలేక చెప్పాడు. లెన్సుల పార్శిల్ ఆగిపోయిందని, కాస్త రుసుము కడితే కదులుతుందని మెసేజ్ వచ్చిందట. లింకు నొక్కి నంబరంతా కొట్టేశాడట. ఫోన్ దగ్గర అంత పులిలా ఉన్నవాడు మెసేజ్ దగ్గర పిల్లిలా చిక్కాడు. ఆమె నవ్వలేదు. తొందరలో ఉన్నప్పుడు అందరం అంతేనని చెప్పి, పాత కార్డు రద్దు చేసి, కాజేసిన సొమ్ము మీద ఫిర్యాదు రాయించింది. పాస్‌వర్డులు దగ్గరుండి మార్పించింది. అతని పేరున ఇంకెవరైనా అప్పు తీస్తే తెలిసేలా హెచ్చరిక పెట్టించింది.

పెట్టేసే ముందు, మీ అసలు పేరు ఇదేనా అన్నాడతను. కాదంది. అసలుది చెప్పలేదు.

అక్కడితో అయిపోవాల్సిన సంగతి. కానీ ఆ గొంతు బస్సెక్కి ఆమెతోపాటు ఇంటికి వచ్చేసింది. వారం తిరిగినా దిగలేదు. అతని పేరు, షాపు ఉన్న వీధి స్క్రీన్ మీద చూసినవే. ఆమె బస్సు దిగే చోటికి ఆ వీధి కూతవేటు దూరం.

ఒక సాయంత్రం బస్సు దిగీదిగగానే వాన దంచేసింది. గొడుగు లేదు. వానకు తలదాచుకోవడానికి వచ్చానంటే సరిపోయేది. కాళ్లు అటు తిరిగాయి కూడా. వీధి మలుపు దగ్గర ఆగిపోయింది. ఆ చిరునామా అతను తనకు ఇచ్చింది కాదు, బ్యాంకును నమ్మి ఇచ్చింది. నమ్మి ఇచ్చినదాన్ని సొంతానికి వాడుకుంటే, ఆ సెల్‌ఫోన్ల దొంగకూ తనకూ తేడా ఏముంది? వెనక్కి తిరిగి, నిలువునా తడిసి ఇల్లు చేరింది. ఆ రాత్రి తుమ్ములు ఎన్ని వచ్చినా తల మాత్రం దించుకోవాల్సిన పని లేకపోయింది.

కొన్నాళ్లకు నాన్నకు చూపు మసకబారింది. తనంతట తానే ఎక్కడో కళ్లద్దాలకు ఇచ్చి వచ్చి, అన్నాల దగ్గర ఒకటే నవ్వు.

"చూపు పరీక్షించే అక్షరాల బోర్డు మీద ఏం రాసుందో తెలుసా పోలీసమ్మా? పైన ఇంత లావున 'ఎవరికీ'. దాని కింద 'నంబర్ చెప్పకండి'. ఇంకా కింద 'ఫోన్ పెట్టేసి, కార్డు వెనక నంబర్‌కు చేయండి'. అచ్చం నీ గోలే. ఎల్లుండి తెచ్చుకోవాలి, తోడు రా."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. ఆ షాపు తనకు తెలుసని, ఎలా తెలుసో మాత్రం చెప్పకూడదని నెమ్మదిగా అంది. నాన్న కూతురి మొహంలోకి చూసి, మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపాడు.

"చెప్పకూడనిది చెప్పకు. కళ్లద్దాలు మాత్రం తెచ్చుకోవాలిగా."

నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుని వెళ్లింది. షాపు నిండా ఫ్రేములు, వాటి మధ్య సన్నగా, చొక్కా అంచుతో అద్దాలు తుడుస్తూ ఒకతను. మీ అమ్మాయి మాట్లాడదా అని అడిగాడు. ఇంట్లో అయితే ఆగదు బాబూ అన్నాడు నాన్న.

నాన్న కొత్త అద్దాలు పెట్టుకుని బోర్డు మొత్తం గడగడా చదివేశాడు. ఆమె కూడా ప్రతి వరసా చూసింది. పై నుంచి కింద దాకా ఫోన్ల సంగతే. ఒట్టు గట్టున పెట్టి, పని అలవాటు కొద్దీ మాట నోట్లోంచి వచ్చేసింది.

"మెసేజ్‌లో వచ్చే లింకుల సంగతి రాయలేదేంటి?"

తుడుస్తున్న చేయి ఆగిపోయింది. అతను తలెత్తి, చూడడం కన్నా ఎక్కువ విన్నాడు.

"మీరేనా?"

"ఎవరి గురించి అడుగుతున్నారో నాకు తెలీదండీ. తెలిసినా, పని సంగతులు బయట మాట్లాడకూడదు."

అతను రెట్టించలేదు. ఎవరో తనకే పతకం తగిలించినట్టు మొహం వెలిగిపోయింది.

"అడగను. మీరిప్పుడే పరిచయం. ఈయనగారి అమ్మాయి. అంతేగా?"

"అంతే."

"ఆ బోర్డు చూసి చాలామంది నవ్వుతారు. నాకొక మనిషి బుద్ధి చెప్పింది. ఎప్పుడైనా ఎదురుపడితే, చెప్పింది నేర్చుకున్నానని చూపించాలని రాయించాను." షాపు కార్డు తీసి, దాని మీద తన సొంత నంబర్ రాసి, రెండు చేతులా అందించాడు. "ఇది షాపుకొచ్చేవాళ్లకి ఇచ్చేది కాదు. మీకు ఇస్తున్నా. తీసుకుంటారా?"

ఇన్నాళ్లూ తెలిసి కూడా సొంతానికి ముట్టుకోనిది, ఇప్పుడు అతనే ఇచ్చి మరీ అడుగుతున్నాడు. ఆమె తీసుకుంది. తీసుకుని, ఎవరూ అడక్కుండానే తన అసలు పేరు చెప్పింది.

నాన్న అద్దాలు సర్దుకుంటూ గొంతు సవరించుకున్నాడు. "బాబూ, అద్దాలు భేషుగ్గా ఉన్నాయి. అన్నీ కనబడుతున్నాయి."

మర్నాడు ఆమె పై అధికారి దగ్గరికి వెళ్లి, ఆ కళ్లద్దాల షాపు కార్డు పని ఇక తనకు ఇవ్వొద్దని, అతను ఇప్పుడు తనకు తెలిసినవాడని చెప్పింది. ఎలా తెలుసు అని అడిగాడాయన. మా నాన్న పరిచయం చేశాడు సార్ అంది, తలెత్తుకుని.

ఆ రాత్రి భోజనాలయ్యాక తన గదిలో మంచం అంచున కూర్చుని మొదటిసారి సొంత ఫోన్‌లోంచి ఆ నంబర్ కలిపింది. లింకుల వరస రాయించడానికి బోర్డులో చోటు చాలడం లేదని అతను మొరపెట్టుకుంటుంటే పగలబడి నవ్వింది. తలెత్తితే గుమ్మంలో నాన్న. కాస్త గొంతు తగ్గించమంటాడేమో అనుకుంది. ఆయన మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి, ఆ నవ్వు ఇంకాసేపు విన్నాడు. అమ్మ పోయాక ఈ ఇంట్లో అలాంటి నవ్వు వినబడడం ఇదే మొదటిసారి. తర్వాత హాల్లో లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.