నాలుగో మడిలో ఉల్లి

నారతాడు ఉండ పందిరి సందులోంచి ఇవతలికి వచ్చింది. పైడమ్మ దాన్ని అందుకుని, బఠాణీ తీగకు వదులుగా ఒక చుట్టు వేసి, అవతల నిలబడ్డ గురువులుకి తిరిగి అందించింది. పదకొండేళ్లుగా వాళ్లిద్దరి పని ఇదే. పందిరికి చెరోవైపు నిలబడి తీగల్ని మొక్కజొన్న కాడల మీదికి ఎక్కించాలి. చేతులు పని చేసుకుపోతుంటే నోళ్లు పోట్లాడుకుంటూ ఉంటాయి. ఈ పొద్దున మాత్రం గురువులు నోరు మెదపడం లేదు.

తల మీద, కొండ మీది తోటంతా కప్పిన చలిపొర సన్నగా గుయ్యిమంటోంది. దాని బయట, కొండ కింద మైదానంలో ఎండ యాభై మూడు డిగ్రీలు. లోపల పద్దెనిమిది. ఆ పద్దెనిమిదిలోనే నలభై మడులూ, వాటిని కనిపెట్టుకుని ఉండే జతగణని యంత్రమూ నడుస్తున్నాయి. ఏ మొక్క పక్కన ఏది పెరగాలో గణని చెబుతుంది. బఠాణీ పక్కన క్యారెట్ సరే, ముల్లంగి సరే, తీగ నీడలో పాలకూర సరే. ఉల్లీ వెల్లుల్లీ మాత్రం కూడదు, తీగ గిడసబారిపోతుందట. పైడమ్మ గణని ఇచ్చిన ఆ పట్టికని ఒక్కనాడూ జవదాటలేదు. దాటినవాళ్లని పొర బయటికి, ఉప్పుమళ్లలోకి పంపేస్తారు.

మడి చివరనున్న పలక మోగింది.

"నాలుగో మడి. దిగుబడి మిగతా మడులకు ఒకటిన్నర రెట్లు. కారణం పట్టికలో లేదు. మధ్యాహ్నంలోగా కారణం తెలపండి. లేనిచో మడిని వేళ్లతో సహా పరీక్షకు పెకలించడం జరుగుతుంది."

"బాగా కాసినా తప్పేనేటి?" అంది పైడమ్మ. తాడుండ అవతలే ఆగిపోయింది.

ఆమెకి అనుమానం వచ్చి వంగి, మొక్కజొన్న మొదళ్ల దగ్గర ఆకులు పక్కకి తీసింది. ఉల్లికాడలు, పచ్చగా, వరసగా ఓ ఇరవై ఉన్నాయి.

"ఇదేటి మావా?"

గురువులు పందిరి సందులోంచి తొంగి చూశాడు. అరవై దాటిన మనిషి, దొరికిపోయిన దొంగ మొహం పెట్టాడు.

"చోడంబలి తాగినప్పుడు కొరుక్కోడానికి ఓ ఉల్లిపాయుండాల గదా పైడమ్మా! కొండ మీదకి ఉల్లి రాక తొమ్మిదేళ్లయ్యింది. సరుకుల బండోడు గుప్పెడు నారిచ్చాడు, నాటీసినాను."

"మట్టిలో గణని పెట్టిన వేరుముక్కులు వాసన పట్టీనేదా?"

"పట్టకుండా రోజూ అంబలి మీద తేట పోసేత్తన్నాను. ఆ పులుపులో ఉల్లి వాసన తెల్దు."

పైడమ్మకి ఒళ్లు మండింది. ఆ వెంటనే తల తిరిగిపోయింది. ఉల్లి ఉంటే తీగ గిడసబారాలి కదా? ఈ తీగ పందిరి దాటేసి, ఇంకా పట్టుకోవడానికి ఏమైనా దొరుకుతుందా అని గాలిలో వెతుక్కుంటోంది. కాయలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. పట్టికే తప్పా? లేక ఉల్లి చేసిన చెరుపుని పులిసిన తేట పూడ్చేసిందా? రెండూ కాక, పోట్లాటల్లో పడి తామిద్దరూ ఈ మడి దగ్గరే ఎక్కువసేపు నిలబడతారు, అందువల్లనా? గణనికి తెలిస్తే తనకీ తెలిసినట్టేనని ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు తనకి ఏం తెలుసో, ఏం తెలియదో కూడా అయోమయంగా ఉంది.

పలక మీద మూడు గడులు వెలుగుతున్నాయి: విత్తనం, నీరు, పొరుగు మొక్క. పొరుగు మొక్క అని నొక్కితే గురువులు సాయంత్రానికి ఉప్పుమళ్లలో ఉంటాడు. ఆ ఎండని ఈ వయసులో నెల్లాళ్లు కూడా తట్టుకోలేడు. ఏదీ నొక్కకపోతే మడి పీకేస్తారు, ఉల్లి ఎలాగూ బయటపడుతుంది. విత్తనమని అబద్ధమాడితే ఈ విత్తనమే నలభై మడుల్లోనూ వేయిస్తారు, కాయకపోతే కొండంతా పస్తులే.

"నానే ఒప్పీసుకుంతాను. నా పేరు సెప్పీ," అన్నాడు గురువులు.

"నువ్వూరుకో మావా. దేనివల్ల కాసిందో నీకు తెల్సా?"

"నాకేటి తెల్దు."

"నాకూ తెల్దు. దానికీ తెల్దు!"

ఆ మాట పైకి అన్నాక ఆమెకి కొంచెం ఊపిరాడింది. ఉల్లిమొక్కలు సగం మట్టితో సహా పెళ్లగించి, ఐదో మడిలో బఠాణీ మొదళ్ల పక్కన నాటింది. ఐదులో ఉల్లి ఒక్కటే. ఆరులో తేట ఒక్కటే పోయాలి. నాలుగులో రెండూ. పరీక్షలు పెట్టేది గణనే. మనుషులు పెట్టకూడదని ఎక్కడా రాసి లేదు, పెడతారని ఎవరూ అనుకోలేదు కాబట్టి.

తర్వాత పలక దగ్గరికి వెళ్లి, మూడు గడులూ వదిలేసి, అడుగున ఎవరూ ముట్టుకోని 'ఇతరం' గడిలో వేలితో రాసింది: "తెలియదు. చూడాలి. నాలుగు, ఐదు, ఆరు మడులు కోత దాకా పీకవద్దు. ఉల్లి నాటింది మేమిద్దరం. గురువులు, పైడమ్మ."

"నీ పేరెందుకే?" అని గురువులు అరిచాడు. అప్పటికే గడి మూసుకుపోయింది.

పలక తెల్లబోయి అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం గంట కొట్టింది. పీకే యంత్రం రాలేదు. వరసలన్నిటా మడుల పలకల మీద క్యారెట్, ముల్లంగి, పాలకూర అన్న మాటలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. వాటి చోట నలభై మడుల్లోనూ ఒకే మాట వెలిగింది: "చూడాలి."

పనివాళ్లు చేతుల్లో నారు పట్టుకుని, ఎక్కడ నాటాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. పైడమ్మకి భయం వేసింది. తమని ఉంచుతారో పంపేస్తారో ఆమెకి ఏమీ అంతుపట్టలేదు.

గురువులు అంబలి ముంత మూత తీశాడు. ఆమె ఒక ఉల్లికాడ తుంపి సగం అతనికి ఇచ్చింది.

"తేట తాగీకు మావా," అంది. "నాలుగో మడికీ ఆరో మడికీ పంచాల."