వార్దియా కోటలో నాలుగోవాడు

కాఫీ కప్పు పెదవికి తగలకముందే థెమెలిస్ తల టేబుల్ మీదికి వాలిపోయింది.

చప్పుడు లేదు. కిటికీ అద్దంలో చిన్న చిల్లు, దాని చుట్టూ సాలెగూడులా పగుళ్ళు. సరిహద్దు కొండల పట్నం యానినాలో బస్టాండు ఎదుటి ఆ దుకాణంలో మూలన పాచికలాడుతున్న ముసలివాళ్ళు ఆట ఆపలేదు. ఎదురు కుర్చీలోని స్టాథిస్ వెర్గోస్ మాత్రం అప్పటికే నేలమీద బోర్లా పడుకుని ఉన్నాడు. సైలెన్సర్ బిగించిన తుపాకి పనితనం అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

థెమెలిస్ తెచ్చిన కబురు సగమే బయటికొచ్చింది. వార్దియా కోట కింది కనుమలో, చర్చలకు వచ్చేవాళ్ళ మీద దెబ్బ. ఎలా అన్నది అతనితోనే పోయింది.

ఆ సాయంత్రమే గూఢచారి శాఖ అధిపతి కల్నల్ మాత్సూకాస్ స్టాథిస్‌ని పిలిపించాడు. యుద్ధం ముగిసి పదేళ్ళు దాటినా సరిహద్దు మూసే ఉంది. అన్న ఇటు, చెల్లెలు అటు. దాన్ని తెరిచే మాటలు మాట్లాడటానికి అవతలి దేశపు ప్రతినిధులు కార్లలో వస్తున్నారు. మంచుకు మిగతా దారులన్నీ మూసుకుపోయాయి. తెరిచి ఉన్నది వార్దియా కనుమ ఒక్కటే. ఆ సరిహద్దు మూసే ఉండాలని కోరుకునే విదేశీ ముఠా ఒకటుంది. దాని నాయకుడు ఓర్లన్ ప్రొఫెసర్ వేషంలో, పాత కుడ్యచిత్రాలు బాగుచేసే నెపంతో కోటలో మకాం వేశాడు. అతని పక్కన ఇస్మీనీ ఉంది. ఒకప్పుడు ఏథెన్స్ నైట్ క్లబ్బుల్లో పాడిన మనిషి. లోపల మన ఏజెంట్.

"ఆమె లోపలికి వెళ్ళాక మనవాళ్ళు ముగ్గురు పోయారు. ఇవాళ మూడోవాడు. ముగ్గురి సంగతీ తెలిసింది ఆమెకే" అన్నాడు కల్నల్.

"అమ్ముడుపోయిందా?"

"దొరికిపోయి కూడా ఉండొచ్చు. కళ్ళారా చూసి తేల్చుకో. మారిపోయి ఉంటే మళ్ళీ నన్ను అడగక్కర్లేదు."

సైన్యాన్ని పంపమని అడిగాడు స్టాథిస్. తుపాకులు కనబడితే ప్రతినిధులు వెనక్కి తిరిగిపోతారని, ముఠాకి కావలసిందీ అదేనని కల్నల్ చెప్పాడు. చివరికి, "నువ్వు తప్ప నాకెవరూ మిగల్లేదు" అన్నాడు. ఆ మాట మాత్రం స్టాథిస్ నమ్మాడు.

గిన్నెలకు కళాయి పోసేవాడి వేషంలో బయల్దేరాడు. ముఖానికి మసి, భుజాన తగరం ముక్కలున్న చిన్న సంచి. కొలిమితిత్తిలో వైర్‌లెస్, తిత్తి పిడిలో పిస్తోలు. తిత్తి, సామాను మోయడానికి ఒక కంచరగాడిద. చలికాలంలో ఆ కొండల్లో తిరిగేది అలాంటివాళ్ళే కాబట్టి ఎవరూ రెండోసారి చూడరు. నిజానికి మొదటిసారి కూడా చూడలేదు. ఊరు తరవాత ఊరు, రాతి ఇళ్ళు, పలక కప్పులు, గడియ పెట్టిన తలుపులు. పొగ గొట్టాల్లోంచి వచ్చే పొగ తప్ప బతుకు జాడ లేదు. ఒక ఊళ్ళో కుక్కల్ని ఉసిగొల్పారు. యుద్ధంలో తలుపు తీసి ఎంతమందిని పోగొట్టుకున్నారో వాళ్ళకే తెలుసు.

ఒక మలుపులో గాడిద కాలు జారింది. దానితోపాటే వైర్‌లెస్, తిత్తి, పిస్తోలు లోయలోకి పోయాయి. కింద మంచులో అది ఇంకా కదులుతోంది. దిగి దాని బాధ తీర్చడానికి కూడా దారి లేదు. స్టాథిస్ కాసేపు అక్కడే నిలబడిపోయాడు. వెనక్కి వెళ్ళి మరో ఆయుధం తెచ్చేలోపు కార్లు కనుమలో ఉంటాయి. భుజాన మిగిలిన చిన్న సంచితో, వట్టి చేతులతో ముందుకే నడిచాడు.

కోట కింది ఊరు ద్రాకోలాకి. అక్కడ చర్చి పూజారి పాపాగారి విధవరాలు పొలిక్సేనీ మన మనిషి. అడగాల్సిన మాట అడిగాడు, "పగిలిన గంటలు ఉన్నాయా అమ్మా?"

"గంట బాగానే ఉంది. మోగించేవాడే లేడు" అని సంకేతం అప్పజెప్పి, అతన్ని లోపలికి లాగి తలుపు మూసిందామె. పులిసిన పిండితో కాచిన వేడి త్రహనా గిన్నె చేతిలో పెట్టింది. ఆమె చెల్లెలు సరిహద్దుకు అవతల ఉంది. బతికుందో లేదో కూడా తెలియదు.

"ఒక్కణ్ణేనా పంపారు?" అంది.

"ఒక్కణ్ణే."

"తుపాకి?"

"లోయలో."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "ఏథెన్స్‌లో మీ ఆఫీసు ఇంకా ఉందా నాయనా, మూసేశారా?"

తరవాత తనకు తెలిసింది చెప్పింది. కోటవాళ్ళు వారంనుంచి ఎదుటి మంచువాలు మీదికి పెట్టెలు మోస్తున్నారు. కోట గోడ నుంచి అక్కడికి నల్లటి తీగ ఒకటి వేశారు. స్టాథిస్ గిన్నె పక్కన పెట్టేశాడు. బాంబు పేలితే వాలంతా జారి కనుమని పూడ్చేస్తుంది. చూసేవాళ్ళకు అది మంచుచరియలు విరిగిపడటమే. హత్య అని ఎవరూ అనరు.

పొద్దున్నే కోట తలుపు తట్టాడు. వంట రాగిగిన్నెలకు కళాయి పోస్తానన్నాడు. ముంగిట్లోకి రానిచ్చారు. ఓర్లన్ వచ్చాడు. సన్నగా, శుభ్రంగా, చేతులకు తొడుగులతో ఉన్నాడు. అతని వెనకే నక్కబొచ్చు కోటులో ఇస్మీనీ. ఆమె స్టాథిస్‌ని చూసింది. కన్ను కూడా ఆర్పలేదు.

"వీడు కళాయివాడు కాదు. స్టాథిస్ వెర్గోస్. మాత్సూకాస్ మనిషి" అంది.

ఓర్లన్ నవ్వి, జేబులోంచి తాళంచెవి తీసి ఆమెకిచ్చాడు. "ఇప్పుడు నమ్ముతున్నాను" అన్నాడు.

స్టాథిస్‌ని చితకబాది కోట మధ్యనున్న పాత నీళ్ళతొట్టిలోకి తోశారు. బావంత లోతు. అడుగున గడ్డకట్టిన నీళ్ళు. నునుపు గోడలు. గోళ్ళు ఊడేదాకా పాకి చూశాడు, జారి పడ్డాడు, మళ్ళీ పాకాడు. పైన వెలుతురు పెరుగుతోంది. కార్లు ఈపాటికి బయల్దేరి ఉంటాయి. థెమెలిస్ ఊరికే చచ్చాడనుకుంటే చలికంటే అదే ఎక్కువగా కొరికింది. అరిచాడు. ఎవరూ పలకలేదు. ఆఖరికి అరవడం మానేసి గోడకు జేరబడ్డాడు. చేతివేళ్ళు తనవి కానట్టున్నాయి. కళ్ళు మూసుకుంటే హాయిగా ఉంటుందనిపించింది. ఆ హాయి ఏమిటో తెలిసి కూడా మూసుకున్నాడు.

ముఖం మీద తాడు పడింది.

"ఎక్కు" అంది ఇస్మీనీ గొంతు పైనుంచి.

ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. పైకి రాగానే ఆమె గొంతు పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోవాలని చూడలేదు.

"ముగ్గురినీ నేనే పట్టించాను. నిన్నూ పట్టించాను. ఒక్కొక్కరిని ఇస్తేగాని వాడు ఒక్కొక్క తలుపు తియ్యలేదు. చంపాలంటే తరవాత చంపు. వాడు తాళంచెవి ఇచ్చిన గదిలో ఉన్న, బాంబు పేల్చే డిటొనేటర్ తీగలు తెంపేశాను. కానీ రెండోది ఉంది. బురుజు మీద, వాడి చేతుల్లో."

"ఈ పని ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

"నిన్ను పంపినవాడే." ఆ మాట అర్థం కావడానికి స్టాథిస్‌కు ఎక్కువసేపు పట్టలేదు. కల్నల్ తనని ఆమె మీదికి పంపలేదు. ఆమె చేతికి అందించాడు.

ఇద్దరూ బురుజు మెట్లెక్కారు. ఓర్లన్ మనుషులిద్దరూ కింద మలుపు దగ్గర కాపు కాస్తున్నారు. కార్లు వాలు కిందికి రాగానే వాళ్ళు ఎర్ర వెలుగు పైకి వదలాలి. మీట నొక్కడం ఓర్లన్ పని.

బురుజు తలుపు కిర్రుమంది. ఓర్లన్ గిర్రున వెనక్కి తిరిగి కాల్చాడు. ఇస్మీనీ పక్కటెముకల కింద దెబ్బ తగిలి గోడకు ఒరిగిపోయింది. అదే క్షణంలో కనుమ మీద ఎర్రగా వెలిగింది. ఓర్లన్ ఒక చేత్తో స్టాథిస్‌కు గురిపెట్టి, రెండో చెయ్యి మీట మీద వేశాడు.

అతన్ని చేరడానికి సమయం లేదు. చేతికి అందే దూరంలో ఉన్నది ఒక్కటే, గోడ అంచు మీదుగా కిందికి పోతున్న నల్ల తీగ. స్టాథిస్ దాన్ని రెండు చేతులా చుట్టుకుని కోటగోడ మీంచి దూకేశాడు.

అతని బరువుకి తీగ మీట పెట్టెలోంచి ఊడి వచ్చింది. ఓర్లన్ మీట అడుగంటా నొక్కాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కాడు.

స్టాథిస్ కింద రాతిగట్టు మీది మంచులో పడ్డాడు. లోపల ఏవో విరిగిన చప్పుడు తనకే వినిపించింది. పైన ఓర్లన్ వంగి, తొందర లేకుండా గురి చూస్తున్నాడు. కదలడానికి ఒళ్ళు సహకరించలేదు. ఇక చూడటం ఎందుకని కళ్ళు మూసుకోబోయాడు. ఓర్లన్ వెనక రక్తం ఓడుతున్న నక్కబొచ్చు చెయ్యి ఒకటి లేచి, అతని కాళ్ళు పట్టి ఎత్తింది. ఓర్లన్ స్టాథిస్ పక్కనుంచే కిందికి పోయాడు.

కనుమలో నల్ల కార్లు నెమ్మదిగా సాగిపోయాయి. ఒక కారులో ఎవరో అద్దం మీది ఆవిరి తుడిచి, మంచులో మెరుస్తున్న కోటని మెచ్చుకుంటూ చూశారు. ఇంకాసేపటికి పొలిక్సేనీ ఊరివాళ్ళని వెంటబెట్టుకుని, నిచ్చెన మోయించుకుని వచ్చింది.

కొన్నాళ్ళకు ఆస్పత్రికి కల్నల్ కమలాపళ్ళ సంచితో వచ్చాడు. మలుపు దగ్గరి ఇద్దరూ దొరికారని, చర్చలు సాగుతున్నాయని చెప్పాడు. ఇస్మీనీ పక్క వార్డులో ఉంది. రోజూ ఆ ముగ్గురి పేర్లు కలవరిస్తోందని నర్సు చెప్పిందట.

"నన్ను పట్టిస్తుందని మీకు తెలుసు" అన్నాడు స్టాథిస్.

కల్నల్ కమలాపండు తొక్క తీస్తూ, "నీకు తెలిస్తే వెళ్ళేవాడివా?" అన్నాడు.

"వెళ్ళేవాణ్ణి కాను."

"మరి?"

కల్నల్ ఒలిచిన తొనలు అతని అరచేతిలో పెట్టి, మంచు కరిగాక సలోనికాలో ఒక పని ఉందని, ఇస్మీనీకి తోడుగా మరొకరు కావాలని మెల్లిగా చెప్పాడు.

స్టాథిస్ ఒక తొన నోట్లో వేసుకున్నాడు. "వెళ్తాను సార్. అయితే ఈసారి పట్టించే వంతు నాది."